అత్త కారు, బాబాయి చక్రాలు

నా చిన్నప్పుడు లాలాగూడలో మా వీధి మొత్తానికి కారు నడిపే ఆడమనిషి ఒక్కతే, మా మేనత్త. మా ఇంటికి ఎదురిల్లే వాళ్ళది. మామయ్యకు ఒక కాలు సరిగా పనిచేయదు, వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అందుకని నేర్చుకుంది. నేర్చుకున్నందుకు మా తాతయ్య చాన్నాళ్ళు కూతురితో ముక్తసరిగానే మాట్లాడాడు. ఆయన దృష్టిలో ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకోవడమంటే ఇంట్లో మగవాళ్ళు చచ్చారని ఊరికి చెప్పడం.

అత్తది తెల్లటి చిన్న కారు. దాని చక్రాలు సన్నగా, పొట్టిగా, ఏదో ఆటబొమ్మకు బిగించినట్టుండేవి. పవర్ స్టీరింగ్ అనే మాట అప్పటికి మేం వినలేదు. అయినా మా సందు మలుపులో ఆ బండిని ఆమె గొడుగు తిప్పినంత తేలిగ్గా తిప్పేది. పక్కన ముందు సీట్లో నేను. వీధి పిల్లలందరికీ కనబడేలా మెడ సాచి కూర్చునేదాన్ని. ఆ పొగరు ఇప్పటికీ తగ్గలేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు, అననీయండి.

మా బాబాయికి అక్కంటే ప్రాణం. రాఖీకి చీర పెట్టడం అందరూ చేసేదే, నేను కొత్తగా ఏదైనా చేస్తానని ఆ ఏడు పొద్దున్నే కారు తీసుకుని, బండి సామాన్లు అమ్మే రాణిగంజ్ పోయాడు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి కారు కింద చక్రాలు మారిపోయాయి. వెండిలా మెరిసే అలాయ్ చక్రాలు, వాటికి వెడల్పాటి టైర్లు. చిన్న పిల్లాడికి వాళ్ళ నాన్న బూట్లు తొడిగినట్టుంది బండి. నాకు మాత్రం రథంలా కనిపించింది. బాబాయి ముఖం వెలిగిపోతోంది.

"ఇగ చూడక్కా, నీ బండి ముంగట ఎవడన్న నిలుస్తడా?"

అత్త చక్రాల చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి, టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య వేళ్ళు పెట్టి చూసింది. వేళ్ళు దూరలేదు. ఏదో అనబోయి తమ్ముడి చేతికున్న రాఖీ వైపు చూసి, "మంచిగున్నయ్ తమ్మీ" అంది.

కొత్త చక్రాలకు పూజ లేకపోతే ఎలా? కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అక్కే తొక్కించాలని బాబాయి పట్టు. ఇరుగుపొరుగు అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే రైల్వే వర్క్‌షాపు సాయంత్రం కూత వేసింది. ఆ కూత వేశాక మా సందు నిండా ఇంటికెళ్ళే సైకిళ్ళే.

నిమ్మకాయలు చితికాయి, చప్పట్లు కొట్టారు. పక్కన ఎప్పట్లాగే నేను. అత్త గేటు దాటించి సందులోకి తిప్పబోయింది. స్టీరింగ్ కదల్లేదు. రెండు చేతులతో, భుజం మొత్తం వేసి లాగింది. కొంచెం తిరిగింది, ఆ తరవాత లోపలెక్కడో టైరు కర్రుమని రాసుకుని ఆగిపోయింది. వెనక్కి తీసింది, మళ్ళీ ముందుకు. ఎప్పుడూ ఒక్క ఊపులో తిరిగే బండి సందుకు అడ్డంగా నిలబడింది. అటు సైకిళ్ళు, ఇటు సైకిళ్ళు, గంటలే గంటలు. పెద్ద చక్రం పూర్తిగా తిరగడానికి ఆ బండిలో చోటే లేదు. వెడల్పు టైరు నేలను పట్టుకుని వదలదు. ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలుసుకున్న సంగతులు. ఆ రోజు సందులో అందరికీ తెలిసిన సంగతి ఒక్కటే, లోపల కూర్చున్నది ఆడమనిషి.

మూలింటి పెద్దమనిషి అరుగు మీంచి గట్టిగా అన్నాడు: "నడపరానోళ్ళకు కార్లెందుకమ్మా? గరిట తిప్పినట్టనుకున్నవా?"

సందు సందంతా నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లో వేడిగా దిగింది. నేను సీటు మీంచి జారి కాళ్ళు పెట్టుకునే చోట ముడుచుకుపోయాను. నన్నెవరూ చూడకూడదు, ఆమె పక్కన నేనున్నట్టు ఎవరికీ తెలియకూడదు. అత్త నా వైపు తల తిప్పలేదు. కానీ నేను జారడం చూసిందని నాకు తెలుసు. చివరికి నలుగురు బండిని వెనక నుంచి ఎత్తి పక్కకు జరిపారు. బాబాయి వాళ్ళతో కలిసి ఎత్తుతూ "అక్కకు ఇంకా అలవాటు కాలే" అని అందరికీ సర్దిచెబుతున్నాడు. బండిని షాపు కుర్రాడే నడిపి తెచ్చి గేటు లోపల పెట్టి పోయాడు; తప్పు చక్రాలదని పాపం, బాబాయికి నిజంగానే తట్టలేదు.

ఆ సాయంత్రం తాతయ్య తీర్పు చెప్పేశాడు. చేసిన తమాషా చాలు, రేపటి నుంచి తాళాలు తమ్ముడి దగ్గరుంటాయి, ఆసుపత్రికైనా అంగడికైనా వాడే తీసుకుపోతాడు. అత్త గొడవ పెడుతుందని నేను ఎదురుచూశాను. నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆమె "సరే నాయినా" అని తాళాలు బాబాయి చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఉదయం అత్త మమ్మల్ని బయల్దేరదీసింది. బన్సీలాల్‌పేట్ ఇరుకు సందుల్లో తెలిసినవాళ్ళను చూడాలట. "నువ్వు సుత రా నాయినా, కొడుకు కారు నడుపుతుంటే ముంగట కూసోవాలె" అని తాతయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టింది. వెనక ఆమె, నేను. పెద్ద రోడ్డు మీద బాగానే ఉంది. మధ్యమధ్య గతుకులు వచ్చినప్పుడల్లా బండి తనంతట తానే పక్కకు గుంజేది, బాబాయి ఉలిక్కిపడి సరిచేసేవాడు. అసలు సంగతి సందుల్లో షురూ అయింది.

"గీ ఎడమకు తిప్పు తమ్మీ." తిప్పాడు, సగమే తిరిగింది. "అయ్యో, దాటినం. జెర ఎనకకు మలుపు." మలిపాడు. రోజూ కసరత్తు చేసే కండల మనిషి, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముందుకు, వెనక్కి, కర్రుమని రాపిడి. వెనక ఆటోవాడు తల బయటపెట్టి "ఏం భాయ్, లారీ అనుకున్నవా?" అని అరిచాడు. అంతే. మగవాళ్ళకు కార్లెందుకని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచేలోపు అత్త అరచేయి నా నోటిని మూసింది. గరుగ్గా తగిలింది. పట్టుకుని చూస్తే వేళ్ళ మొదట్లో బొబ్బలు, ఒకటి చిట్లిపోయి ఉంది. నిన్నటివి. అప్పుడు నాకు కలిగిన సిగ్గు ముందు, సందులో పడ్డ సిగ్గు ఏపాటిది?

మూడో సందు మొదట్లో బాబాయి ఇంజన్ ఆపేసి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

"ఏందిరా ఈ బండికి?" అన్నాడు తాతయ్య.

"చక్రాలు పెద్దగైనయ్ నాయినా. తప్పు బండిది గాదు, అక్కది సుత గాదు."

వెనక సీట్లో అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గెలిచిన ముఖం పెట్టలేదు. వాదించి గెలవడమే బతుకైన నాకు ఆ ముఖం ఎలా పెట్టకుండా ఉండగలిగిందో ఇప్పటికీ అంతుపట్టదు. బాబాయి ఆ మధ్యాహ్నమే మళ్ళీ రాణిగంజ్ పోయి పాత చక్రాలు వేయించుకొచ్చాడు. తాతయ్య క్షమించమనేవాడు కాదు, అనలేదు. తాళాలు తీసుకెళ్ళి అత్తవాళ్ళ గుమ్మం పక్కన మేకుకు తనే తగిలించి వచ్చాడు.

నిన్ననే ఎందుకు చెప్పలేదని అత్తను అడిగాను. నేను చెప్తే బహానా అంటరు బిడ్డా, నడపరాక సాకు చెప్తుందంటరు, అంది. వాడు ప్రేమగా తెచ్చిండు, పదిమందిల ఎట్ల అంటం, అని కూడా అంది. సీటు కిందికి జారిన నా సంగతి అప్పుడు గానీ, ఆ తరవాత గానీ ఎత్తనే లేదు. మరుసటి వారం మామయ్యను ఆసుపత్రికి తీసుకెళ్తూ నన్నూ పిలిచింది. ఈసారి ముందు సీటు నాదని అడగలేకపోయాను.

మొన్న అల్వాల్‌లో ఒక సందు మలుపులో నా కారు ముందు చిన్న కారొకటి అడ్డంగా ఇరుక్కుంది. లోపల ఒక అమ్మాయి, ముందుకూ వెనక్కూ పడుతోంది. నేను ఆగకుండా హారన్ కొట్టాను. అద్దం దించి తల బయటపెట్టాను. నా నోట్లో అప్పటికే తయారుగా ఉన్న మాట ఏమిటో తెలుసా? నడపరానోళ్ళకు కార్లెందుకు! మూలింటి పెద్దమనిషి మాట, అక్షరం తేడా లేకుండా. అప్పుడు వినిపించింది, కర్రుమని ఆ రాపిడి. చూస్తే మెరిసే పెద్ద చక్రాలు. ఇప్పుడు పవర్ స్టీరింగ్ ఉంది, చేతులు బొబ్బలెక్కవు. కానీ చక్రం మడ్‌గార్డుకు తగిలితే ఎంత పవరున్నా బండి తిరగదు. ఆ అమ్మాయి పక్కన ముందు సీట్లో ఒక చిన్నపిల్ల ఉంది. నా హారన్‌కు మెల్లగా కిందికి జారిపోతోంది.

దిగాను. వెనకున్న బళ్ళకు చెయ్యి అడ్డం పెట్టాను. ఎవడో ఏదో అనబోతే, నాకున్న నోరు అంతా వాడి మీద ఖర్చుపెట్టాను. "చక్రాలు రాసుకుంటున్నాయమ్మా, తప్పు నీది కాదు, మెల్లగా వెనక్కి రా" అని ఆ పిల్లకు కూడా వినబడేలా గట్టిగా చెప్పాను. బండి మలుపు తిరిగింది. ముందు సీటు కిటికీ అద్దంలో రెండు జడలు పైకి లేచేదాకా నేను రోడ్డు మధ్యనే నిలబడ్డాను.