తీసేయమన్నా తీయని ప్రస్తావన

ఆమె ఒక విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకురాలు. వ్యాసాల అడుగున ఇచ్చే మూలాలను ఒక్కొక్కటే వెతికి సరిచూస్తుందని విద్యార్థులు ‘ఫుట్‌నోటు మేడం’ అని పేరు పెట్టారు. గొప్ప పండితురాలని అనలేను. తనను తాను మోసగించుకోవడం చేతకాని మనిషి అని మాత్రం చెప్పగలను.

ఆ పత్రికకు ఒక పాత అలవాటు ఉండేది. వ్యాసం అంగీకరిస్తూ రాసే ప్రతి ఉత్తరం చివరా, తమ పాత సంచికల నుంచి రెండు వ్యాసాలనైనా ఉదహరించమని కోరేవారు. రచయితలు కాదనేవారు కారు. ఎంతమంది ఉదహరించారన్నదాన్ని బట్టి లెక్కగట్టే పత్రిక ప్రభావం ఏటేటా పెరుగుతున్నట్టే కనిపించేది.

కొత్తగా వచ్చిన డీన్ ఆ ప్రభావం మీద నివేదిక అడిగారు. నచ్చకపోతే పత్రిక మూతపడుతుంది.

ఆమె వంటింటి బల్ల మీద కాగితాలు పరిచింది. ఎదురుగా బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తొంగిచూశారు.

“ఇంతమంది తలుచుకుంటుంటే ఆ మొహం ఏంటమ్మా?”

“మేం అడిగితే తలుచుకున్నారు, అత్తయ్యా.”

“ఓహో, పరస్పర డబ్బానా! నేనూ మీ మామయ్యని అడిగి మరీ కూర బాగుందనిపించుకునేదాన్ని. గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది కాదు.”

ఆమె నవ్వింది. ఆపైన అడిగి వేయించుకున్న ప్రస్తావనలన్నీ పక్కకు తీసేసింది. మిగిలినవి గుప్పెడు. వాటిలో ఎక్కువ భాగం, అద్దెదారుల హక్కుల మీద పెద్దగా పేరులేని ఒక వకీలు ఎప్పుడో రాసిన వ్యాసానివే. ఆ గుప్పెడునే డీన్ ముందు పెట్టింది.

“మీ గొయ్యి మీరే తవ్వుకుంటున్నారు, మేడం.”

“ఒక్క ఏడాది ఎవర్నీ అడక్కుండా నడపనివ్వండి, సార్. అప్పుడూ మా అవసరం ఎవరికీ లేకపోతే మూసేయండి.”

డీన్ ఒప్పుకున్నారు. ఉత్తరంలోంచి ఆ వాక్యం పోయింది. ప్రస్తావనలు అమాంతం పడిపోయాయి. ‘చేజేతులా చేసుకుంది’ అన్నారు తోటివాళ్లు. ఒకరు మనల్ని తలుచుకోవడం వేరు, మనం లేకుండా ఆలోచించలేకపోవడం వేరు. ఈ రెండోదాని కోసం ఎదురుచూడటానికి ఓపికతో పాటు కాస్త మొండితనమూ కావాలి.

పత్రికకు వ్యాసం పంపిన వేరే ఊరి అధ్యాపకురాలొకామె ఫోన్ చేసింది.

“మీ పాత వ్యాసాలు రెండు ఉదహరించాను, మేడం. సరిపోతాయా?”

“మా కోసమైతే రెండూ తీసేయమ్మా.”

మర్నాడు మళ్లీ ఆమే.

“ఒకటి తీసేశాను. అద్దెదారులది మాత్రం తీయను, మేడం. అది తీస్తే నా వాదన నిలబడట్లేదు.”

ఏడాది చివర డీన్ పలచటి నివేదికను రెండుసార్లు తిరగేశారు.

“ఇవన్నీ మీరు అడగనివేనా?”

“అడగనివే, సార్. ఒకటైతే తీసేయమన్నా తీయలేదు.”

ఆయన నివేదిక మూశారు. తర్వాతి సంచికను అచ్చుకు పంపమంటూ సంతకం పెట్టారు.