మంట లేదని రాసిన పుస్తకం

పదమూడేళ్ళప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. అందులో ఇంతవరకూ ఒక్క అబద్ధం రాయలేదు. ఎవరూ చదవరు కాబట్టి ఆ అవసరం రాలేదు. నా మొదటి అబద్ధం ఇంకో పుస్తకంలో రాశాను. అది హాస్పిటల్‌లో డైటీషియన్ ఇచ్చిన పల్చటి నోటుబుక్, అట్ట మీద ఆపిల్ బొమ్మ ఉంది. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు. ఎప్పుడు తిన్నావు, ఏం తిన్నావు, ఎంత తిన్నావు, తిన్నాక ఒంట్లో ఎలా ఉంది.

మొదటి మూడు గళ్ళూ ఉన్నది ఉన్నట్టు నింపాను. హబ్సిగూడ టిఫిన్ సెంటర్ పక్కన గోడవైపు తిరిగి తిన్న రెండో ప్లేటు పూరీ కూడా రాశాను. నాలుగో గడిలో మాత్రం రోజూ ఒకే మాట: "బాగానే ఉంది."

బాగా లేదు. రెండేళ్ళుగా ఏం తిన్నా రొమ్ము ఎముక వెనక నిప్పు రాజుకున్నట్టు ఉండేది. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ మీదికి వంగితే పుల్లటి నీళ్ళు గొంతు దాకా వచ్చేవి. తార్నాక చౌరస్తాలోని మెడికల్ షాపులో అడిగితే గ్యాస్ బిళ్ళలిచ్చారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒకటి మింగేదాన్ని. మంట పూర్తిగా పోయేది కాదు గానీ ఓర్చుకునేంతలో ఉండేది. ఆ స్ట్రిప్పు నా డైరీ అట్ట లోపల దాచుకునేదాన్ని. ఇంట్లో అమ్మ ముట్టుకోని చోటు అదొక్కటే.

ఇదంతా ఎందుకు దాచానో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. నాకు నాన్న ఒళ్ళే వచ్చింది. అదే భుజాలు, అదే మెడ, మెట్లెక్కితే అదే ఆయాసం. నేను ఇంటర్‌లో ఉండగా ఆయనకి పేగు మెలిపడింది. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు, మళ్ళీ బయటికి రాలేదు. అప్పటి నుంచి మా లాలాపేట్ ఇంట్లో పేగు అన్న మాట ఎవరూ అనరు. జువాలజీ చదువుతున్న నేను కూడా అనను. మా డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఒక గాజు జాడీలో కుందేలు పేగులు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. రెండేళ్ళుగా ఆ జాడీ వైపు చూడకుండానే నడుస్తున్నాను.

ఈ ఏడాది రక్తపరీక్షలో నాకు షుగర్ మొదలైందని తేలింది. నాకు ఇరవై మూడు. మోకాళ్ళు అప్పటికే నొప్పులు. క్లాసులో రాసుకునే పలక ఉన్న కుర్చీల్లో ఎప్పుడో పట్టడం మానేశాను, వెనక స్టూలు మీద కూర్చుంటాను. తార్నాక నుంచి లాలాపేట్ వెళ్ళే షేర్ ఆటోలో డ్రైవర్లు నన్ను చూడగానే సీట్లు సర్దడం మొదలుపెడతారు. "చెల్లె, నువ్వు నా పక్కన ముందట కూసో. ఎన్క ముగ్గురు పట్టాలె నాకు," అన్నాడొకాయన మర్యాదగానే. వెనక ఎవరో నవ్వారు. ఇలాంటివి అలవాటైపోయాయి. షుగర్ కాయితం మాత్రం అలవాటయ్యేది కాదు. నాన్నకీ ముందు అదే వచ్చింది.

స్కూల్లో టీచరు పని చేసే అమ్మే సెలవు పెట్టి నన్ను సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒక తెల్ల కాయితం తీసి జీడిపప్పు ఆకారంలో బొమ్మ గీసి, "చూడమ్మా, ఇది నీ జీర్ణాశయం," అన్నాడు.

వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి, తగ్గుతారు, మానేస్తే చాలామంది మళ్ళీ పెరుగుతారు అన్నాడు. లోపల బెలూన్ పెట్టొచ్చు, అది కొన్ని నెలలే, తర్వాత తీసేయాలి. తర్వాత బొమ్మ మీద నిలువునా ఒక గీత గీశాడు. "ఇది స్లీవ్. సంచిలో పెద్ద భాగం తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తాం. తీసేసింది మళ్ళీ రాదు." పక్కన ఇంకో బొమ్మ వేశాడు. "ఇది బైపాస్. పైన చిన్న సంచి చేసి, దాన్ని తెచ్చి కింద పేగుకి కలుపుతాం. జీవితాంతం విటమిన్లు మింగాలి."

అమ్మ కుర్చీ అంచుకి జరిగింది. "పేగులు ముట్టుకోకుండా అయ్యేది ఏదండీ డాక్టర్ గారూ?"

"స్లీవ్. కానీ ఛాతీలో మంట, పులుపు పైకి రావడం ఉన్నవాళ్ళకి నేనది చెయ్యను. ఉన్న మంట ఇంకా పెరగొచ్చు." పెన్ను పక్కన పెట్టి నన్ను చూశాడు. "నీకు ఉందా?"

అమ్మ కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నాన్నని లోపలికి తీసుకెళ్ళాక ఆ తలుపు వైపు అలాగే చూసింది.

"లేదండి," అన్నాను.

"గ్యాస్ మాత్రలేమైనా వాడుతున్నావా?"

"లేదండి."

గొంతులో చేదు మందు కొట్టి, గొట్టం వేసి లోపల చూశారు. శుభ్రంగా ఉందన్నారు. అమ్మ కారిడార్‌లోనే కళ్ళు మూసుకుని స్తోత్రం అంది. ఆ రోజు మధ్యాహ్నం క్యాంపస్ లైబ్రరీలో ఒక లావు పుస్తకం తీసి చదివాను. రోజూ బిళ్ళ వేసుకునేవాళ్ళలో లోపలి పుండు మానిపోయి, ఉన్న జబ్బు కనపడకపోవచ్చని అందులో ఉంది. పుస్తకం మూసి వెంటనే అరలో పెట్టేశాను, ఎవరో నా భుజం మీద నుంచి చదువుతున్నట్టు అనిపించి. ఆపరేషన్ స్లీవే అని తేలింది. వచ్చే మంగళవారం కాక ఆ పై మంగళవారం.

నాకు ఆపరేషన్ అని ఎవరికీ చెప్పొద్దని అమ్మని బతిమాలాను. చెప్పనంది. ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు పాస్టరు గారు ఒక చీటీ తీసి, "ఒక సహోదరి కడుపు ఆపరేషన్ గురించి," అని చదివారు. పేరు లేదు. చర్చిలో సగం తలలు వెనక్కి తిరిగి, ఆఖరి వరసలో కూర్చున్న నా మీద ఆగాయి.

"పేరు రాయలేదుగా!" అంది అమ్మ దారిలో.

"పేరు అక్కర్లేదులేమ్మా," అన్నాను.

ఆపరేషన్‌కి ముందు శనివారం హాస్పిటల్‌లో ఒక మీటింగ్ పెట్టారు. చేయించుకున్నవాళ్ళూ, చేయించుకోబోయేవాళ్ళూ ఒక హాల్లో కూర్చుని మాట్లాడుకోవడం. నేను తలుపు దగ్గర కుర్చీ చూసుకున్నాను. రామంతాపూర్‌లో టైలరింగ్ చేసే ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. నలభై ఉంటాయేమో. మనిషి సన్నబడ్డది గానీ ముఖంలో నిద్ర లేదు.

"ఏందమ్మా, గట్ల దొంగలెక్క మూలకు కూసున్నవ్? నీకేం చేస్తున్నరు? స్లీవా, బైపాసా?"

"స్లీవ్ అక్కా."

"మంచిగనే అయితది తియ్. మా ఆడబిడ్డకు గదే చేసిన్రు, మస్తు కలిసొచ్చింది. పాత జాకెట్లన్నీ నాతోనే కుట్టు విప్పించి మల్ల కుట్టించుకున్నది. నాకే కలిసి రాలే."

"ఏమైంది అక్కా?"

"మంట. నాకు ముందు నుంచే ఉండె. గ్యాస్ అనుకున్న. గ్యాస్ ఎవరికి ఉండదమ్మా? డాక్టర్ సాబ్ అడిగితే లేదని చెప్పిన. చెప్తే ఆపరేషన్ ఆపుతడేమోనని భయం." నవ్వింది. "ఇప్పుడు పండుకుంటే పానం పోతది. కుర్చీలనే కూసోని నిద్ర. మంచం మొత్తం మా ఆయనకే రాసిచ్చిన, ఆయనైతే ఖుష్. వచ్చే నెల మల్ల కోసి బైపాస్ చేస్తరంట."

మాట్లాడుతూనే సంచిలోంచి గులాబీ రంగు మందు సీసా తీసి, మూత నిండా పోసుకుని తాగింది. మూత చున్నీ కొసతో తుడిచి బిగించింది. అసలు చూడకుండానే చేసింది అదంతా, గుండీ పెట్టుకున్నంత మామూలుగా.

"నీకైతే మంట గింట లేదు కదా?"

"లేదక్కా," అన్నాను.

"అయితే మంచిదే," అని నా మోకాలు తట్టింది.

సోమవారం క్యాంపస్‌కి వెళ్ళాను గానీ క్లాసుకి వెళ్ళలేదు. డిపార్ట్‌మెంట్ వెనక చెట్ల కింద సిమెంటు బెంచీ ఉంది. దూరంగా నెమలి అరుస్తోంది. నా డైరీ, డైటీషియన్ పుస్తకం రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. డైరీలో అంతా ఉంది. "సాంబారన్నం తిన్నాక మంట." "ప్రాక్టికల్‌లో పులుపు పైకి వచ్చింది, బయటికి పరిగెత్తాను." "పడుకుంటే పులుపొస్తోందని మూడు దిండ్లు పెట్టుకున్నాను." తేదీల వారీగా, నా చేతిరాతతోనే.

రేపే ఆపరేషన్. నోరు మూసుకుంటే అమ్మ భయపడదు, నా పేగులు ఎవరూ ముట్టుకోరు. మంట ఒక్కటే మిగులుతుంది, బహుశా ఎప్పటికీ. నోరు తెరిస్తే వాళ్ళు ఆ రెండో బొమ్మ తీస్తారు. లేచి కారిడార్‌లోకి వెళ్ళి, మొదటిసారి ఆ గాజు జాడీ ముందు నిలబడ్డాను. ఆ పేగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చివరిదాకా చూశాను. భయం తగ్గలేదు. కానీ చూడగలిగాను.

మళ్ళీ బెంచీ మీదికొచ్చి ఎర్ర పెన్ను తీశాను. ప్రతి "బాగానే ఉంది"నీ కొట్టేసి, ఆ రోజు డైరీలో ఏముందో దాని పైన రాశాను. చివరి పేజీలో బిళ్ళ పేరు, ఎప్పటి నుంచి మింగుతున్నానో రాశాను. నోటితో చెప్పమంటే నా వల్ల అయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నమే హాస్పిటల్‌కి వెళ్ళాను. డైటీషియన్ ఆ పుస్తకం తెరవగానే నవ్వింది. "ఏంది, ఎర్ర ఇంకు? ఎవరు దిద్దిన్రు నీ కాపీ?" రెండు పేజీలు తిప్పేసరికి నవ్వు పోయింది. "బిళ్ళ రోజూ వేసుకుంటున్నవా? ఆ పరీక్ష రోజు కూడానా?" తలూపాను. నన్నేమీ అనకుండా లేచి పుస్తకం పట్టుకుని సర్జన్ గదిలోకి వెళ్ళింది. ఆ పది నిమిషాలు నేను కూర్చోలేకపోయాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు లేదమ్మా," అన్నాడు. "బిళ్ళ ఆపు. రెండు వారాల తర్వాత మళ్ళీ లోపల చూద్దాం. మంట నువ్వు రాసినంత ఉంటే మనం బైపాస్ గురించి మాట్లాడుకోవాలి. భయమా?"

"అవునండి. మా నాన్న..." అని ఆగిపోయాను.

"మీ అమ్మగారు చెప్పారు. ఆయన్ని హాస్పిటల్‌కి చాలా ఆలస్యంగా తీసుకెళ్ళారట. అప్పటికే పేగు పాడైపోయింది. నీది అలాంటిది కాదు. ఇందులో ప్రమాదమే లేదని నేను అనను. కానీ రెండూ ఒకటి కాదు."

ఇంటికెళ్ళేసరికి అమ్మ హాస్పిటల్ బ్యాగు సర్దుతోంది. నా నైటీలు, బైబిలు, ఫ్లాస్కు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను.

"నా పక్కన కూచుని అబద్ధం చెప్పావా?" అంది. అరవై మందిని బెంచీ ఎక్కించిన టీచరు గొంతు అది. "ఎందుకే?"

"పేగులు ముట్టుకోవద్దన్నావుగా."

అమ్మ చేతిలోని నైటీ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మంచం మీద కూర్చుంది.

"మీ నాన్నా అంతే," అంది. "మూడు రోజులు కడుపు పట్టుకుని తిరిగాడు. గ్యాసేలే, గ్యాసేలే అన్నాడు. వాము నీళ్ళు నేనే ఇచ్చాను."

ఆ వాము నీళ్ళ సంగతి నాకు అంతవరకూ తెలియదు. తర్వాత అమ్మ లేచి పాస్టరమ్మ గారికి ఫోన్ చేసింది. "రేపు కాదండీ. వాయిదా పడింది... అయ్యో లేదండీ, ప్రార్థన ఆపొద్దు, తేదీ మార్చుకోండి... ఆఁ, మా అమ్మాయే." మొదటిసారి పేరు దాచలేదు. నేనూ వద్దనలేదు.

ఇవాళ్టికి బిళ్ళ మానేసి పన్నెండో రోజు. మంట ముందుకంటే ఎక్కువగా ఉంది. పరీక్ష ఎల్లుండి. అందులో ఏం తేలుతుందో నాకూ అమ్మకీ దాదాపు తెలుసు. తర్వాత ఏ బొమ్మ మీద గీత గీస్తారో కూడా తెలుసు. పేగు అన్న మాట అమ్మ ఇప్పుడు ఇంట్లో అంటోంది, అన్న ప్రతిసారీ ఆమె గొంతు కొంచెం ఆగుతుంది. అన్నం తిన్న పావుగంటకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది.

"ఎలా ఉంది?"

"మండుతోందమ్మా."

"రాయి," అంటుంది. నేను రాసేదాకా అక్కడి నుంచి లేవదు.