సైదమ్మ దీక్షలో కూర్చున్న రోజు

సైదమ్మ సిటీ బస్సు కండక్టర్. పదకొండేళ్లు దిల్‌సుఖ్‌నగర్ దారిలో నిలబడి టికెట్లు కొట్టింది. పుట్టింది నల్లగొండ జిల్లాలో. పెనిమిటి పోయాక బిడ్డ శ్రీకళను తీసుకుని సరూర్‌నగర్ చెరువు పక్క గల్లీలో రెండు గదులు కిరాయికి చూసుకుంది. ఆ బిడ్డ ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం.

నడుము పోయింది ఒక్క బ్రేకుతో. కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు మామిడికాయల బండి అడ్డం వచ్చింది. డ్రైవర్ తొక్కాడు. సీటు పక్క కడ్డీకి ఆమె నడుము గుద్దుకుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఆ ఏమీ లేనిది నాలుగేళ్లుగా ఆమెను వదల్లేదు.

మొదట ఒక్క గోలి. మెడికల్ షాపువాడు చీటీ అడగలేదు. గోలి నొప్పిని పోగొట్టలేదు, పక్క గదిలో కూర్చోబెట్టింది. నొప్పి అక్కడ కూర్చుని అంతా వింటూ ఉండేది. రెండయ్యాయి, నాలుగయ్యాయి. రోజుకు తొమ్మిది మింగే కాలం వచ్చేసరికి నొప్పి ఎక్కడుందో, గోలి ఎక్కడుందో ఆమెకే తెలియలేదు. ఒక పొద్దున చైతన్యపురి స్టాపులో "రైట్" అనబోయి ఫుట్‌బోర్డు మీద విరుచుకు పడింది. నోట నురగ. ఎవరో చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. ఎవరో సంచీని కాళ్ల కింద నుంచి తీశారు.

మూడు వారాలు దవాఖానలో ఉంది. ఆ మూడు వారాల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వణుకూ, చెమటలూ, మంచం కడ్డీ పట్టుకుని ఏడవడమూ శ్రీకళ ఒక్కతే చూసింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నెమ్మదిగా చెప్పాడు: "ఈ జాతి గోలి ఇంక జన్మల ఒద్దు. ఒక్కటి గూడ."

డిపోలో ఉత్త ఫిట్సే అనుకున్నారు. అనుకోనిచ్చింది. నడుము పట్టుకుంటే ఎవరైనా గోలి ఇవ్వబోతే ఒకటే మాట చెప్పేది: "నాకు గోలీలు పడవక్కా, కడుపుల మంట." చిన్న అబద్ధం. పద్దెనిమిది నెలలు ఆమెను కాపాడింది.

ఆమెను కాపాడిన ఇంకో మనిషి సూర్యప్రభ. భీమవరం వైపు మనిషి, ఫిజియోథెరపీ చదివింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఒక షట్టర్ గది ఆమెది. రెండు బల్లలు, ఒక నీలం రబ్బరు బంతి, గోడకు నిలువుటద్దం. మొదటి రోజే చెప్పింది:

"సైదమ్మగారూ, నొప్పి సున్నా అవదండి. పదికి నాలుగు దగ్గర ఆగితే చాలు. ఆ నాలుగుతో కాపురం చెయ్యడం నేర్చుకుందాం."

"మొగుడు లేడనుకుంటే వీడొకడు తగిలిండా?" అంది సైదమ్మ. ఇద్దరూ నవ్వారు.

నేర్చుకుంది. తెల్లారగట్ల చెరువు కట్ట మీద నడక. పొట్ట బిగించి చేసే నాలుగు కసరత్తులు. సాయంత్రం వేడినీళ్ల సంచి. తప్పనిసరైతే జ్వరం గోలి, డాక్టరు రాసిన లెక్క దాటకుండా, అదీ శ్రీకళ చేతి నుంచి. ఏదైనా సరే ఇరవై అయిదు నిమిషాలకు మించి కూర్చోకూడదు, లేచి నలభై అడుగులు వెయ్యాలి. ఆ ఇరవై అయిదు నిమిషాలను ఆమె గడియారంలో చూసుకునేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగినంత సేపు. అది ఆమె ఒంటికి తెలుసు.

చివరి మాట మాత్రం సూర్యప్రభ చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఎప్పుడైనా జారితే అదే రోజు చెప్పెయ్యాలి. మర్నాటికి దాచారంటే అది రెండోదాన్ని అడుగుతుంది."

రెండువేల పదకొండు. సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. ఆఫీసులు మూశారు, బడులు మూశారు, బస్సులు డిపోలోనే ఆగాయి. ఎల్బీ నగర్ రోడ్డు అంత వెడల్పుంటుందని సైదమ్మకు అప్పుడు తెలిసింది. డిపో గేటు పక్కన టెంటు వేశారు. రోజూ పదిమంది చొప్పున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిండి లేకుండా కూర్చోవాలి. అయిదింటికి నిమ్మరసం తాగి లేవాలి. ఎదురుగా పోలీసు వ్యాను, దాని కిటికీ జాలీల వెనక కదలని ముఖాలు.

సైదమ్మ రెండు సార్లు తన వంతు తప్పించుకుంది. మూడోసారి టెంటులో మాట పడింది. "తెలంగాణ కోసం కూసోనీకె నడుము లేదు గని ఆంధ్రా డాక్టరమ్మ తాన పండనీకె ఉంటది." అన్నదెవరో కనపడలేదు. నవ్వింది మాత్రం చాలామంది.

మర్నాడు ఆమె దీక్షలో కూర్చుంది. మెడలో గులాబీ కండువా వేశారు. కింద సిమెంటు, పైన పలచటి జంపఖానా.

కాసేపయ్యాక లేచింది. మైకు పట్టుకున్న ధర్మేందర్, వాళ్ల డిపో డ్రైవరే, యూనియన్ మనిషి, అందరికీ వినపడేట్టు అన్నాడు: "సైదక్కా, ఇది ఆర్డినరీ బస్సు గాదు, స్టాపుకోపాలి దిగనీకె. దీక్షంటే నాన్‌స్టాప్!"

టెంటంతా గొల్లుమంది. సైదమ్మ కూడా నవ్వి కూర్చుంది. మళ్లీ లేవలేదు.

అదే ఆమె చేసిన తప్పు. రోడ్డు మీద బస్సు లేదు. ఎల్బీ నగర్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో ఒంటికి తెలియలేదు. పన్నెండింటికి నొప్పి ఆరయింది. రెండింటికి ఎనిమిది. ఎడమ కాలు పిక్క దాకా తాడు బిగించి లాగినట్టుంది. డప్పు మోగుతున్నప్పుడల్లా ఆ దెబ్బ నడుములో పడుతోంది.

దీక్ష వరసల వెనక అండాలమ్మ కూర్చుంది. ఆమెదీ అదే డిపో, సైదమ్మకన్నా ఆరేళ్లు పెద్ద, ఈ కొలువులో చేరిన రోజు టికెట్ల కట్ట పట్టుకోవడం నేర్పిన మనిషి. ఆ రోజు దీక్షలో లేదు, నీళ్లూ నిమ్మరసమూ చూసుకునే పని ఆమెది. సైదమ్మ పెదవి కొరుక్కోవడం ఆమె చూసింది.

"ఏందే సైదా, గంత గుంజుతుందా?"

"ఏం లేదక్కా. పొద్దు గూకితే అయిపాయె."

అయిదింటికి అండాలమ్మ మొదటి గ్లాసు సైదమ్మకే తెచ్చింది. తలెత్తి పట్టి తల్లిలా తాగించింది. చక్కెర ఎక్కువుంది. కిందెక్కడో చేదుంది. నిమ్మగింజ నలిగిందనుకుంది సైదమ్మ.

చప్పట్లు కొట్టారు. ఆమె ధర్మేందర్ చెయ్యి పట్టుకుని లేచి, చెప్పులు వేసుకుని, సరూర్‌నగర్ వైపు నడిచింది. ఒక్కో అడుగూ లెక్కపెడుతూ నడిచింది. అరగంట గడిచి ఉంటుంది. చెరువు కట్ట మలుపులో లెక్క తప్పింది.

నొప్పి లేదు.

ఆగింది. గాలి మెత్తగా ఉంది. చెరువు మీద ఎండ తేనె రంగులో ఉంది. చెవుల వెనక సన్నగా వెచ్చదనం. ముక్కు కొస దురద పెట్టింది. గోకబోయి చెయ్యి గాలిలోనే ఆపేసింది.

ఆ దురద ఆమెకు తెలుసు, గోలి ఒంట్లో పనిచేసేటప్పుడు వచ్చేదే. పద్దెనిమిది నెలల తర్వాత కూడా ఇల్లు మరిచిపోని మనిషిలా వచ్చింది. సంతోషంగా ఉంది. అంత సంతోషంగా ఉన్నందుకు ఆమెకు భయం వేసింది.

వచ్చిన దారినే వెనక్కి నడిచింది. టెంటులో అండాలమ్మ గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, నిమ్మరసంల ఏం కలిపినవ్?"

అండాలమ్మ ముఖం విప్పారింది. "మంచిగైందా? చూసినవా మరి! నీకు గోలీలు పడవంటివి గద, కడుపుల మంటంటివి. అందుకే పొట్టు ఇప్పి పొడి కలిపిన, రెండు చెంచలు చక్కెర ఎక్కువేసిన. మంట లేదు గద?"

అండాలమ్మ చేతులు తుడుచుకుని సంచిలోంచి అట్ట తీసింది. సగం ఎరుపు, సగం పసుపు క్యాప్సూళ్లు. ఏడు మిగిలాయి. సైదమ్మ లెక్కపెట్టలేదు, కళ్లే లెక్కపెట్టాయి.

"ఉంచుకో. రేపటికి గావాలె. నా తాన ఇంకున్నయ్."

"నీ తాన ఎందుకున్నయక్కా?"

"నా మోకాళ్లు తెల్వదా నీకు?"

"రోజుకెన్ని?"

"మూడే గదనే. నువ్వేంది, పోలీసోని లెక్క అడుగుతున్నవ్?"

మూడే. సైదమ్మ కూడా ఒకప్పుడు శ్రీకళకు అట్లాగే చెప్పింది, అదే చూపుతో, అట్లాగే సంచి మూతి మూసుకుంటూ. అట్ట ఇంకా ఇద్దరి మధ్య ఉంది. చెయ్యి చాపితే చాలు. తనంతట తాను వేసుకోలేదు కదా, పాపం తనది కాదు కదా అని లోపల ఒక గొంతు మంచిగా, మర్యాదగా మాట్లాడుతోంది. ఆ గొంతుకు ఎంత ఓపికో ఆమెకు తెలుసు.

"నాకొచ్చినయి ఉత్త ఫిట్స్ గావక్కా," అంది. "గీ గోలీలతోటే వచ్చినయి. తొమ్మిది మింగుతుంటి. నీకు అబద్ధం చెప్పిన. తప్పు నాది. ఇది లోపల పెట్టు."

అండాలమ్మ అట్టను చూసింది, సైదమ్మను చూసింది. ముఖంలో మొదట భయం, తర్వాత కోపం. "నా మీద పెట్టకు సైదా. నేను నీ మంచికే చేసిన." సంచి చంకలో ఇరికించుకుని పోయింది.

సైదమ్మ ఇంటికి పోలేదు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీకి నడిచింది. కోచింగ్ సెంటర్ల మెట్ల మీద ఎవరూ లేరు. సూర్యప్రభ గది షట్టర్ కింద దాకా దించి ఉంది. తట్టింది. లోపల నడుస్తున్న ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. మళ్లీ తట్టింది. ఎవరో ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారని ఇవతలికి తెలుస్తోంది. కిందనున్న సందులోంచి ఒక కన్ను బయటికి చూసింది. ఆ కన్ను ముందు సైదమ్మ మెడలో వేలాడుతున్న గులాబీ కండువా కొస.

సైదమ్మకు అప్పుడు అర్థమైంది. కండువా తీసి మడిచి చంకలో పెట్టుకుంది.

"నేనమ్మా. సైదమ్మను. భయపడకు. గోలి నా కడుపుల పడ్డది. నేను ఏస్కోలే, అయినా పడ్డది. ఇయ్యాలనే చెప్పమంటివి గద."

షట్టర్ మోకాలి దాకా లేచింది. వంగి లోపలికి దూరింది. వంగితే నొప్పి రాలేదు. అది తలచుకుని మళ్లీ భయపడింది.

సూర్యప్రభ మొత్తం విన్నది. తిట్టలేదు. డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది. ఆయన చెప్పినవే ఒక్కొక్కటిగా చెప్పింది. "ఈ రాత్రి ఒంటరిగా పడుకోకండి, పాపకు మొత్తం చెప్పండి. నిద్ర కోసమని కూడా ఇంకేదీ వేసుకోవద్దు. ఫిట్స్ లాగా ఏమన్నా అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లాలి, ఆటో దొరక్కపోతే నడిచైనా సరే. ఇంకోటి చెప్తాను వినండి. రేపు నొప్పి పది అంటుంది. అదంతా నడుము మాట కాదు. సగం ఆ గోలి మాట."

"మల్ల పద్దెనిమిది నెలలు ఒకటి నుంచి లెక్కపెట్టాల్నా?"

"లేదండి. మీరు ఇక్కడికి నడిచొచ్చారు. అది కూడా లెక్కలోకొస్తుంది."

బల్ల కింద రెండు సూట్‌కేసులు సర్ది ఉన్నాయి. సైదమ్మ చూసింది. సూర్యప్రభ ఆమె చూడటం చూసింది.

"గొడవలు తగ్గేదాకా ఊరెళ్తున్నాను, అంతే," అంది. "కసరత్తులు కాగితం మీద రాసిస్తాను."

సైదమ్మ ఆ కాగితాన్ని కండువా మడతలో పెట్టుకుంది.

నొప్పి మర్నాడు నిజంగానే పది అంది. ముందు రాత్రి సంగతంతా విని తల్లి పక్కనే పడుకున్న శ్రీకళ ఆటోలో తోడొచ్చింది, డాక్టరు చూశాడు, వేడినీళ్ల సంచీ పెట్టుకుంది. నొప్పి పదిలోంచి ఏడుకు దిగింది. అంతకు మించి దిగలేదు. పదకొండింటికి సైదమ్మ టెంటుకు పోయింది. కూర్చోలేదు. ధర్మేందర్ చేతిలోంచి మైకు అడిగి తీసుకుంది.

"నాకు ఫిట్స్ ఎందుకొచ్చినయో చెప్తున్న, అందరు ఇనుండ్రి. నొప్పి గోలీలు మింగి మింగి వచ్చినయి. ఇగ నా నడుము చూసి జాలిపడి ఎవ్వరు నాకు ఏమియ్యకుండ్రి. నీళ్లల్ల, చాయల, ఏంట్ల గూడ. స్టాపుకోపాలి లేస్త. నవ్వుకుంటె నవ్వుకోండ్రి."

ఎవరూ నవ్వలేదు. ఈ సంగతి సాయంత్రానికి డిపో దాటుతుందనీ, సమ్మె ముగిశాక ఆఫీసులో ఎవరో ఫైలు తెరిచి అడుగుతారనీ ఆమెకు తెలుసు. ధర్మేందర్ మైకు తీసుకుని పక్కన పెట్టాడు.

అండాలమ్మ వెనక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తల దించుకుంది. సంచి ఒళ్లో ఉంది, రెండు చేతులూ దాని మీదున్నాయి.

సైదమ్మ ఆమె ముందుకు పోయి నిలబడింది. "లే అక్కా. ఎల్బీ నగర్ దాకా నడుద్దాం."

"నా మోకాళ్లు..."

"నీ మోకాళ్లు, నా నడుము. మెల్లగనే పోదాం. ఇయ్యాల మనకు వెనకనుంచి హారను కొట్టేటోడు లేడు."

అండాలమ్మ స్తంభం పట్టుకుని లేచింది. సంచి కింద పెట్టలేదు. ఇద్దరూ రోడ్డు మధ్యకు దిగారు. పోలీసు వ్యానులో ముఖాలు తిరిగి చూశాయి. చైతన్యపురి, కొత్తపేట, మూసిన పండ్ల మార్కెట్. ఒక్క బస్సు లేదు.

సైదమ్మ అడుగులు లెక్కపెడుతోంది. పక్కన అండాలమ్మ నడుస్తుంటే సంచిలో ఆ అట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. అంత పెద్ద ఖాళీ రోడ్డు మీద ఆ చప్పుడు ఇద్దరికీ వినపడుతోంది. సైదమ్మ అండాలమ్మ సంచి ఉన్న వైపుకు వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, ఆగకుండా నడిచింది.