పగడాల తొట్టికి సెలైన్

జర దగ్గరికి జరిగి కూర్చోండి. చుక్కలు లెక్కపెట్టే పని గురించి చెప్పబోతున్నాను. దూరం కూర్చుంటే లెక్క తప్పుతుంది.

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక చేపల దుకాణంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. చదివింది నాలుగో తరగతి. నేల తుడిచే మనిషిగా చేరి, తొట్లు కడిగే పనికి ఎక్కి, చివరి తొమ్మిదేళ్లు ఉప్పునీటి తొట్ల మెకానిక్‌గా చేశాను. మా దుకాణంలో అంతకు మించిన హోదా లేదు. పైన మాలిక్, అంటే దుకాణం ఓనరు, ఒక్కడే.

ఆరేళ్ల కిందట, దసరా దాటిన వారం, మాలిక్ నాకు హసన్‌పర్తి రోడ్డులోని ఒక పిల్లల దవాఖాన పని అప్పగించాడు. అక్కడ వెయిటింగ్ హాల్లో నాలుగు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టి ఉంది. అందులో చేపలు తక్కువ, పగడాలు ఎక్కువ. పగడాలంటే రాళ్లు కావు. కంటికి ఆనీ ఆనని చిన్న ప్రాణులు గుంపుగా బతుకుతూ, నీళ్లలోని కాల్షియం తీసుకుని తమ ఇల్లు తామే కట్టుకుంటాయి. సముద్రంలో దానికి కొదవ లేదు. తొట్టిలో వారం తిరిగేసరికి అయిపోతుంది. అక్కడ అప్పటికే రెండుసార్లు పగడాలు చచ్చిపోయాయి. మూడోసారి డాక్టరు గారు కాల్షియం రియాక్టర్ తెప్పించారు. దాన్ని బిగించి, సరిచేసి, నిలబెట్టడం నా పని.

నేను పెట్టె విప్పుతుండగానే డాక్టరు గారు మాట తేల్చేశారు. "రజియక్కా, నెల దినాలు చూస్తా. ఈసారి గూడ చచ్చిపోతే తొట్టి తీసేసి ఆ జాగల నెబులైజర్ బల్ల వేయిస్త. పిల్లలు నిలవడి ఆవిరి పడుతున్నరు."

ఆ మాటకు తొట్టి పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ తలెత్తి చూసింది. ఆమె డాక్టరు గారి తల్లి నర్సవ్వ. సొంతూరు ధర్మసాగర్. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. పై అంతస్తులోని ఇంట్లో ఆమెకు పొద్దు పోయేది కాదు. తెల్లారితే వక్కాకు సంచి పట్టుకుని కిందికి దిగి, తొట్టి పక్కన కూర్చునేది. సూదికి భయపడి ఏడ్చే పిల్లలను దగ్గరికి పిలిచి, "అగో, ఆ ఎర్ర చేప నీ తీరుగనే మొండిది, మందు తాగుతలేదు" అని నవ్వించేది. తొట్టి పోతే ఆ కుర్చీ కూడా పోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నన్ను పక్కకు పిలిచి, "దీనికేం రోగం బిడ్డా?" అని అడిగింది. చేతిలో పని ఉంది. "సున్నం తక్కువైంది అవ్వా, బొక్కలు కడ్తలేవు" అని పగడాల గూళ్లను ఎముకలతో పోల్చి చెప్పి, పనిలో పడ్డాను.

రియాక్టర్ అంటే నిలువుగా ఉండే ఒక గొట్టం. దాని నిండా చచ్చిన పగడాల గులకరాళ్లు పోస్తాం. పక్కన గ్యాస్ సిలిండర్ ఉంటుంది. సోడా బండ్ల వాళ్లు నింపించుకునే గ్యాసే అది. ఆ గ్యాస్ కలిస్తే గొట్టంలోని నీళ్లు పులుస్తాయి. పులిసిన నీళ్లు గులకరాళ్లను కొంచెం కొంచెం కరిగించుకుని, సన్న పైపులోంచి చుక్కచుక్కగా తొట్టిలో పడతాయి. చచ్చిన పగడం కరిగి బతికిన పగడానికి ఇల్లవుతుందన్న మాట. సరిచేయాల్సినవి రెండే, లోపలికి పోయే గ్యాస్ బుడగలు, బయటికి వచ్చే చుక్కలు. నేను నిమిషానికి పదిహేను బుడగలతో మొదలుపెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక కనీసం మూడు రోజులు ఆగాలి. తొందరపడి రెండూ తిప్పితే, ఏది ఏం చేసిందో తెలియకుండా పోతుంది.

నీళ్లలో కరిగిన సున్నపు సరుకు ఎంత ఉందో చూడడానికి కేహెచ్ పరీక్ష చేస్తాం. చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్లు తీసుకుని, మందు ఒక్కొక్క చుక్క వేస్తూ పోవాలి. నీలం రంగు పసుపుకు తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే అంత లెక్క. ఎనిమిది, తొమ్మిది మంచిది. మొదటి రోజు ఆరు వచ్చింది.

వచ్చే సోమవారానికి ఏడు దాటితే చాలనుకున్నాను. పదకొండు వచ్చింది. గ్యాస్ ఎక్కువైందని పది బుడగలకు తగ్గించాను. మళ్లీ సోమవారం పన్నెండు. పంపు మీద తెల్లటి పొడి పేరుకుంది, కొమ్మల పగడం చివర్లు కాలినట్టు పాలిపోయాయి. తక్కువైతే ఎదగవు, ఎక్కువైతే మాడిపోతాయి. ఈసారి గ్యాస్ పూర్తిగా బంద్ చేశాను. గ్యాస్ లేకపోతే రాయి కరగదు, రాయి కరగకపోతే లెక్క దిగాలి. మూడో సోమవారం చూస్తే పద్నాలుగు.

డాక్టరు గారు గాజుగొట్టం వంక చూసి, "ఇంక వారమే ఉన్నది అక్కా" అని మాత్రం అన్నారు. నర్సవ్వ ఆ రోజు వక్కాకు నమలలేదు. "నా కన్ను తాకిందా ఏందో, పొద్దుమాపు చూస్తనే కూసుంటి" అంది. ఇంటికి పోతూ దారి పొడవునా లెక్క వేసుకున్నాను. రియాక్టర్ ఆగిపోయింది, సరుకు పెరుగుతోంది. ఎక్కడిదో ఇంకో దారిన వస్తోందన్న మాట. ఆ దారి ఏదో తెలియాలంటే నా సోమవారం కాని రోజున పోవాలి.

గురువారం పొద్దున్నే, ఓపీ తెరవక ముందు పోయాను. హాల్లో నర్సవ్వ ఒక్కతే ఉంది. చిన్న స్టూలు ఎక్కి, తొట్టి మూత లేపి, పంపు నీళ్లు విసిరే చోట చేయి ముంచి వేళ్లు కడుగుతోంది. వేళ్ల నుంచి పాలలాంటి తెలుపు నీళ్లలోకి పారుతోంది. "తినుండ్రి బిడ్డా, తిని బొక్కలు గట్టిచేసుకోండ్రి" అంటోంది పగడాలతో. పక్కన గట్టు మీద సున్నపు డబ్బీ ఉంది.

"అవ్వా, ఏం జేస్తానవ్?"

ఉలిక్కిపడలేదు. "అచ్చినవా? ఏముంది, సున్నం పెడ్తాన. నువ్వే అంటివి గదా తక్కువైందని. మా అత్త బాలింతలకు సున్నపు తేట తాపేది, బొక్కలకు బలమని. రోజు ఉసిరికాయంత పెడ్తాన. అయినా ఇవి ఇట్ల చిక్కిపోవట్టె, రేపటి సంది రెండు పెడ్దామనుకుంటాన."

నేను స్టూలు పట్టుకుని ఆమెను దింపాను. కోపం రాలేదు. సున్నం అన్న మాట ఇచ్చింది నేనే. ఎంత, ఎలా అన్నది చెప్పకుండా వదిలేసిందీ నేనే. "అవ్వా, సున్నం ఎక్కువైతే నీ నోరు పొక్కదా? వాటికీ అట్లనే" అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. "అయితే నేనే చంపుతాన్ననా?" అని కుర్చీలో కూలబడింది.

ఇంతలో డాక్టరు గారు మెట్లు దిగి వచ్చారు. తల్లి పేరు చెబితే ఆమెను ఇక హాల్లోకి రానివ్వరేమో, చెప్పకపోతే తొట్టి పోతుంది. "సార్, తప్పు నాదే. సున్నం ఎక్కువ పడ్డది, నేను లెక్క సూసుకోలే" అన్నాను.

"ఆమెదేం లేదు కొడుకా" అంది నర్సవ్వ వెంటనే. డబ్బీ ఎత్తి చూపించింది. "నేనే పెట్టిన. ఆమెను అనకు."

డాక్టరు గారు డబ్బీ వంక, తల్లి తెల్లటి వేళ్ల వంక చూశారు. "అమ్మా, నా ఓపీ పిల్లలకు గూడ నువ్వే మందులు ఇస్తానవా ఏంది?" అన్నారు. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంకో నెల తీసుకో అక్కా" అన్నారు.

ఆ నెలలో నేను చేసింది ఇది. గ్యాస్ బంద్ ఉంచి, వారానికి కొంత నీళ్లు మార్చి, పద్నాలుగును మెల్లగా తొమ్మిదికి దింపాను. తర్వాత రియాక్టర్‌ను ఎనిమిది బుడగలతో మళ్లీ మొదలుపెట్టాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రియాక్టర్ నీళ్లలో పులుపు కొంత మిగిలిపోతుంది. దాన్ని విరిచేది సున్నపు తేటే. పెద్ద తొట్ల వాళ్లు రెండూ కలిపే వాడతారు. నర్సవ్వ ఆలోచన తప్పు కాదు, కొలత తప్పు. అందుకని వక్కాకు సున్నం మాన్పించి, శుద్ధమైన సున్నపు పొడి తెచ్చాను. మూత ఉన్న క్యానులో ఫిల్టర్ నీళ్లకు ఒక చెంచా పొడి కలిపి, తేరుకోనిచ్చి, పైన తేట మాత్రమే తీయాలి. దాన్ని ఆవిరైపోయిన నీళ్లకు బదులుగా చుక్కచుక్కగా వదలాలి. చుక్కలు వదలడానికి ఏముందని వెతికితే, దవాఖానలో దానికేం తక్కువ? డాక్టరు గారు కొత్త సెలైన్ సెట్టు ఒకటి ఇచ్చారు. క్యాను స్టాండుకు వేలాడదీశాం. పైపు మీది చక్రం తిప్పి చుక్కలు సరిచేసే పని నర్సవ్వకు అప్పగించాను. చదువు రాకపోయినా లెక్క తప్పేది కాదు. ఎన్ని చుక్కలో అన్ని గీతలు క్యాలెండర్ మీద బొగ్గుతో గీసేది.

సంక్రాంతి దాటేసరికి కొమ్మల చివర్లలో ఊదా రంగు తిరిగి వచ్చింది. ఒక రోజు చేతికి సూది పెట్టిన చిన్నపిల్ల ఒకతె, గొంతు పోయేలా ఏడుస్తూ హాల్లోకి వచ్చింది. నర్సవ్వ తొట్టికి వేలాడుతున్న సెలైన్ చూపించింది. పిల్ల ఏడుపు ఆపి, "దీనికి గూడ జరమొచ్చిందా?" అని అడిగింది. "తగ్గింది బిడ్డా. కదలకుంట ఉన్నది, గందుకే తగ్గింది" అంది నర్సవ్వ. ఆ పిల్ల తన చేతిని ఒళ్లో పెట్టుకుని, తొట్టి పక్కనే కూర్చుంది. నెబులైజర్ బల్లను ఓపీ గది అవతల వేయించారు.

ఈ పనిలోకి వచ్చే వాళ్లకు నేను చెప్పేది రెండు ముక్కలు. లెక్క తప్పినప్పుడు వాల్వ్ తిప్పే ముందు, ఆ నీళ్లలో ఇంకెవరి చేయి పడుతోందో కనుక్కోవాలి. ఇంట్లో వాళ్లకు రోగం పేరు చెప్పినప్పుడు మందు కొలత కూడా చెప్పి రావాలి.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి నీళ్లు తేటగా ఉండాలె, మీ పెద్దల కుర్చీ వాళ్లు మెచ్చిన జాగలోనే ఉండాలె, మీ పిల్లల బొక్కలు గట్టిగ ఉండాలె. సల్లగుండ్రి.