విర్తూసు, లాబోరు అనే ఇద్దరు వర్తకులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నాకో గట్టి నమ్మకం. కర్నూలులో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. మన నూలు బట్టల కోసం రోమువాళ్లు ఓడలేసుకుని వచ్చేవారని క్లాసులో విన్నప్పటి నుంచి నేల మీద నిలవలేకపోయాను. మగ్గం ఇంటి పిల్లను కదా, వాళ్లంతా మా ఇంటికే వచ్చి వెళ్లినట్టు అనిపించింది. వాళ్ల సంగతులు వాళ్ల భాషలోనే చదవాలని లాటిన్‌కు బయలుదేరాను. (కర్నూలులో లాటిన్ ఎవరు చెబుతారని నవ్వకండి, దొరికారు.) ఒక చర్చి ఆవరణలో ఉంటున్న ముసలి ఫాదరు. పాదిరి తాత అని పిలిచేదాన్ని. ఎప్పుడో నేర్చిన లాటిన్‌ను అడిగేవాళ్లు లేక దిగులుగా ఉన్న ఆయనకు నేను దొరికాను. ప్రతి ఆదివారం ప్రార్థన ముగిశాక గంటసేపు పాఠం.

మొదటి పాఠం గులాబీ. లాటిన్‌లో రోసా. విభక్తి మారితే రోసే, రోసామ్. సెలవులకు కడప జిల్లాలోని మా ఊరికి వెళ్లి, కండెలు చుడుతూ అదే వల్లిస్తుంటే అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "పొద్దున్నించి రోసం రోసం అంటాండావు, ఎవురి మింద పాపా నీకంత రోసం?"

ఆ సెలవుల్లోనే మా ఇంట్లో కొత్త మగ్గం కోసం, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంట తవ్వుతున్నారు. తవ్వుతున్న మా మేనమామకు మట్టిలో ఇత్తడి బిళ్ల ఒకటి దొరికింది. చింతపండుతో తోమితే అక్షరాలు బయటపడ్డాయి. చూడటానికి ఇంగ్లీషే గానీ మాట ఇంగ్లీషు కాదు.

"కోడలా, నీ రోము బాసేమో సూడు," అన్నాడు మామ.

విర్తూస్ ఎత్ లాబోర్. లాటినే! అప్పటికి నాకు వచ్చినవి ఐదు పాఠాలు. 'ఎత్' అంటే 'మరియు' అని తెలుసు, అటూ ఇటూ ఉన్నవి తెలియవు. తెలియదని చెప్పొచ్చు. కానీ వీధిలో సగం మంది అప్పటికే మా గుమ్మంలో ఉన్నారు.

"విర్తూసు, లాబోరు అని ఇద్దరు రోము వర్తకులు. బట్టలు కొనేదానికి మన ఊరికి వచ్చినారు," అన్నాను.

"అన్నదమ్ములా?" అంది పక్కింటి అత్త.

"అయ్యుండొచ్చు." (చరిత్రకారులు ఆచితూచి మాట్లాడాలి కదా.)

మామ పార పక్కన పడేశాడు. "ఇంక ఈడ ఎవురూ తవ్వొద్దు. లోపల ఇంకేమేం ఉండాయో! కర్నూలు నుంచి సదువుకున్నోళ్లు రానీ." అలా మగ్గం పని ఆగిపోయింది. మా నాయన మాత్రం తల ఎత్తకుండా తెగిన పోగులు ముడేసుకుంటున్నాడు.

ఆదివారం బిళ్లను రుమాల్లో చుట్టుకుని కర్నూలు బస్సెక్కాను. పాదిరి తాత దాన్ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చదివి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇది బెల్టు బకిలమ్మా! కడప తట్టు మా పాదిర్ల హాస్టలు బడి ఒకటి ఉండె, ఆ బడి పిల్లోళ్లు కట్టుకుంటాండ్రి. విర్తూస్ అంటే మంచి నడత, లాబోర్ అంటే పని. ఇప్పుడు నీ వర్తకులను యాడికి పంపుతావు?"

సాయంత్రం ఇంటికి చేరేసరికి నాయన ఒక్కడే అరుగు మీద ఉన్నాడు. తల వంచుకుని అంతా చెప్పాను.

"అది నాదేలే పాపా," అన్నాడు.

రెండేళ్లు ఆ బడిలో చదివాడట. ఇంట్లో మగ్గం మీద కూర్చునేవాళ్లు లేక పిలిపించేస్తే, వచ్చిన రోజే కోపంతో బెల్టు విప్పి, పూడ్చేస్తున్న పాత గుంటలోకి విసిరేశాడట. అమ్మకు కూడా తెలియదు.

"ఆ పొద్దే చెప్పింటే ఏం నాయనా!"

"నువ్వు అంతమంది ముందర సదువుతాంటే శానా బాగుండె. అడ్డం రాబుద్ధి కాలేదు." నా చేతిలోని బిళ్ల అందుకుని, "రెండేండ్లు నడుముకు కట్టుకుంటి గానీ దాంట్లో ఏముండాదో మాకెవురూ చెప్పలేదు. ఏముండాది?" అని అడిగాడు.

మంచి నడత, పని, అని చెప్పాను.

"పనా!" నాయన పెద్దగా నవ్వాడు. "ఆ మాట కోసరం కర్నూలు దాకా పోతివా?"

వర్తకులెవరూ లేరని మరుసటి రోజు వీధి వాళ్లందరికీ నేనే చెప్పుకున్నాను. మామ బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇద్దరూ కాకపోతే ఒకడన్నా వచ్చింటాడులే," అని పార అందుకున్నాడు.

ఇప్పుడు నేను డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. తెలియనిది తెలియదని చెప్పడం ఎలాగో అలవాటైంది. అయినా అప్పుడప్పుడూ, వీధంతా నోరు తెరుచుకుని వింటుంటే గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. అంత ధైర్యంగా నేను మళ్లీ ఏ భాషా చదవలేదు.