నాలుగో హద్దు మనిషి తినలేదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో భూమి కొనాలనుకున్నవాళ్ళే అన్నం పెట్టారు. ఇప్పుడు అమ్మేవాళ్ళు పెడుతున్నారు. పోయిన ఆదివారం మా మనవరాలు నన్ను సూర్యాపేట నుంచి కోదాడ దారిలో ఉన్న ఒక ప్లాట్ల వెంచర్ చూడడానికి తీసుకుపోయింది. ఆ పిల్ల మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. సంపాదన మొదలైంది, ఎక్కడో ఒకచోట ఇంత జాగా కొని పెట్టుకుంటే ముందుముందు అక్కరకు వస్తుందని దాని ఆశ. అందులో తప్పేమీ లేదు. కానీ బస్సు వాళ్ళదే, చల్లని నీళ్ళ సీసా వాళ్ళదే, దిగీదిగగానే చేతిలో పెట్టిన బిర్యానీ పొట్లం కూడా వాళ్ళదే. ఆ పొట్లం చేతిలో పడగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో తెలియాలంటే మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. తాతల నాటి నుంచి మంద ఉంది గానీ గుంటెడు భూమి లేదు. సాగర్ కాలువ నీళ్ళు వచ్చాక త్రిపురారం చుట్టుపక్కల చెలకలన్నీ వరిమళ్ళయ్యాయి, గొర్రెలు మేసే బీళ్ళు తగ్గిపోయాయి. మనకూ కాలువ కింద రెండెకరాలు ఉంటే తప్ప బతకలేమని మా నాయన పట్టుబట్టాడు. అందుకు మందలో సగం అమ్మాలి. ఈనే గొర్రెలు ఒకసారి చేయి దాటితే మళ్ళీ అంత మంద కావడానికి ఏళ్ళు పడుతుంది. కొన్న భూమి మంచిదైతే సరే, కాకపోతే ఇటు మందా ఉండదు, అటు మడీ ఉండదు. పైగా భూమి కొన్న అనుభవం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అమ్మే ఆసామి ఊళ్ళో పెద్ద రైతు. ఆయన తరఫున మాట్లాడడానికి కోదాడ వైపు నుంచి ఒక మధ్యవర్తి వచ్చేవాడు. తెల్లని పంచె, చంకలో తోలు సంచి, నోరు విప్పితే తేనె. మా వాకిట్లో మంచం మీద కూర్చుని, వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేవాడు. "ఇవాళ కాదన్నారనుకో, రేపు ఈ పొలం ఉండదయ్యా. అవతల పార్టీ సిద్ధంగా ఉంది." ఆ మాట వింటే మా నాయనకు కాలు నిలిచేది కాదు. నాకు భూమి సంగతి ఏం తెలుసు? కానీ మా నాయనను మా వాకిట్లోనే ఒక పరాయివాడు అట్లా ఉరికించడం చూస్తే వాడి పంచె మీద పేడనీళ్ళు పోయాలనిపించేది.

నాయనమ్మ తొందరపడలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి కాగితాలు చూపించమనలేదు. ఆసామి కూడా వచ్చిన రోజు ఒక్కటే అడిగింది.

"పొలం నచ్చింది పటేలా. గని బయానా ఇచ్చేముందు గా పొలంల ఒక పూట బువ్వ వండుత. నాలుగు దిక్కుల హద్దుదార్లను పిలుస్త. మీరూ రాండ్రి."

మధ్యవర్తి నవ్వాడు. "అన్నీ కుదిరాక దావత్ ఇస్తారుగానీ, ముందే ఎందుకమ్మా?" అన్నాడు.

"మందోళ్ళం. కొత్త తావుల గొర్లను పండబెట్టాలంటే సుట్టూ ఏమున్నదో సూసుకునే పండబెడ్తం" అంది నాయనమ్మ.

వరికోతలు అయిపోయిన రోజులవి. కొయ్యకాళ్ళ మధ్య మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేశారు. నాయన ఒక పొట్టేలును కోశాడు. నా పని మోదుగాకు విస్తర్లు వేయడం, చెంబుతో నీళ్ళు పోయడం. తూర్పు హద్దు రైతు వచ్చాడు, దక్షిణం వైపు రైతు వచ్చాడు, పడమటాయన కొడుకును కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆసామి, మధ్యవర్తి వాళ్ళ పక్కనే వరుసలో కూర్చున్నారు. ఉత్తరం హద్దు ముసలాయన మాత్రం గట్టు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాడు. నాయనమ్మ కేకేసి పిలిచినా కదలలేదు. అప్పుడామె విస్తరిలో అన్నమూ కూరా పెట్టుకుని తానే గట్టు దగ్గరికి పోయింది. నేను నీళ్ళ చెంబుతో వెనకాలే పోయాను.

"తిను అన్నా. ఏడి మీదున్నది" అంది.

ఆయన విస్తరి వైపు చూడకుండా చేతులు జోడించాడు. "గీ పొలంల తిననక్కా. ఏమనుకోకు."

"ఎందుకని?"

"నోరు తెరిస్తే నా మడికి నీళ్ళు బందయితయ్. కాల్వ పటేల్ పొలం మీదికెల్లే వస్తది. అందుకే చెప్పలేను. గని తినుడు మాత్రం నాతోని కాదు."

నాయనమ్మ విస్తరిని గట్టు మీద దించింది. తర్వాత మెల్లగా అడిగింది. "గీ పొలం ఎవరిది?"

"మా చెల్లెది" అన్నాడు ఆయన. ఒక్క మాట బయటపడ్డాక మిగతాది ఆగలేదు. ఆ చెల్లెలి భర్త చనిపోయిన ఏడు, కాలువ నీళ్ళ కోసం రాసే కాగితమని చెప్పి ఆసామి ఆమెతో వేలిముద్ర వేయించుకున్నాడు. అది పొలం అమ్మినట్టు రాసిన కాగితమని, ఆయన మనుషులు నాగళ్ళతో దిగిన రోజు గానీ ఆమెకు తెలియలేదు. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని మిర్యాలగూడ పోయింది. మిల్లు ముందర ధాన్యం ఎండబోస్తూ బతుకుతోంది.

నాయనమ్మ వెనక్కి వచ్చింది. ఆమె ముఖం చూసి నేను నాయన వెనక్కి చేరాను. తింటున్న ముగ్గురు రైతులను అడిగింది, మీకు ఈ సంగతి ఎరుకేనా అని. ముగ్గురూ తినడం ఆపలేదు. చివరికి పడమటాయన బొక్క చీకుతూనే, "ఒకరి సంగతి మనకెందుకమ్మా" అన్నాడు.

అప్పుడు మా నాయనమ్మ చేసిన పనిని నేను ఈ వయసు వచ్చేదాకా ఇంకెక్కడా చూడలేదు. మా ఇళ్ళల్లో శత్రువునైనా విస్తరి ముందు నుంచి లేపరు. ఆకలి అని వచ్చిన కుక్కను కూడా ఆమె వట్టిచేతులతో పంపేది కాదు. అట్లాంటి మనిషి వంగి ఆసామి ముందున్న విస్తరిని, కలిపిన ముద్దతో సహా, తీసేసింది.

"లే పటేలా. ఒక ఆడిదాని పొట్ట కొట్టి, గామె పొలంల్నే కూసోని నా గొర్రె కూర తింటున్నవ్. నీకు అరుగుతది గావచ్చు. నాకు అరగది."

ఆ విస్తరిని తీసుకుపోయి మా మంద కుక్కల ముందు పెట్టింది. ఆసామి చేయి కూడా కడుక్కోకుండా లేచాడు. "గీ ఊళ్ళె మీ మంద ఏ పొలంల పండుతదో నేనూ సూస్త" అని పోయాడు. మధ్యవర్తి చెప్పులు చేతిలో పట్టుకుని ఆయన వెనకాల పరుగెత్తాడు. మిగిలిన ముగ్గురూ కూడా ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. నాయనమ్మ కూర గిన్నె ఎత్తుకుని గట్టు దాటి, ముసలాయన మడిలో దించింది. "ఇది నీ జాగనే గద, ఇప్పుడు తిను" అంది. ఆయన ఏడుస్తూనే తిన్నాడు. మేమూ అక్కడే తిన్నాం.

ఆసామి అన్నంత పనీ చేశాడు. మా వైపు కోతలయ్యాక రైతులు ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్ళు తమ పొలాల్లో పండబెట్టించుకుని గింజలు కొలుస్తారు. ఆ ఏడు ఆయనకు భయపడి ఎవరూ మమ్మల్ని పిలవలేదు. మందను తోలుకుని చివ్వెంల దాకా పోవలసి వచ్చింది. ఎవరి చెల్లెలి కోసమో మనం ఊరు విడవాల్సి వచ్చిందని నాయన చాన్నాళ్ళు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. "గామె ఉసురు తగిలిన మడిల పండిన బువ్వ నీ పిల్లలకు పెడ్తవా?" అని నాయనమ్మ ఒక్కసారే అడిగింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ముసలాయన చెల్లెలికి పొలం తిరిగి వచ్చిందా అంటే, రాలేదు. ఎవరో కొనుక్కున్నారు. మేం కొన్నాళ్ళకు చివ్వెంల దగ్గరే కాలువ నీళ్ళెక్కని ఒక చెలక కొన్నాం. అక్కడా నాయనమ్మ ముందు వంట చేసింది. హద్దుదార్లందరూ కూర్చుని రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాకే నాయన బయానా ఇచ్చాడు.

ఆసామి మీద నాకున్న కోపం ఆయన పోయాక కొంత చల్లారింది. దొంగ దొంగతనం చేశాడు, అంతే కదా. ఆ ముగ్గురి మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ నాకు లేదు. మా సగం మంద ఆ పొలంలో పడి పోతుందని తెలిసీ, ఆ మంద కూరే నంజుకుంటూ కూర్చున్నారు. తిన్నవాడు ఊ కొడతాడు. భూమి గురించి అడగాల్సింది తినని మనిషిని అని ఆ రోజు నాకు అర్థమైంది.

అందుకే పోయిన ఆదివారం పొట్లం పట్టుకుని చుట్టూ చూశాను. పెద్ద కమాను, రంగులు పూసిన హద్దురాళ్ళు, మొన్ననే నాటిన ఈతచెట్లు. టై కట్టుకున్న పిల్లగాడు నవ్వుతూ వచ్చి, "ఈరోజు బుక్ చేస్తేనే ఈ రేటు అమ్మమ్మా, రేపు ఉండదు" అన్నాడు. మా వాకిట్లో మంచం మీద కూర్చున్న ఆ పంచె మనిషి పోయి ఎన్నేళ్ళయిందో, ఆ మాట మాత్రం ఇంకా బతికే ఉంది. పక్క భూమి ఎవరిదని అడిగాను. "అదీ మనదే అయిపోతది, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. మనదే అట, ఎవరు ఆ మనం?

రంగురాళ్ళకు అవతల ఒకామె బర్రెను పట్టుకుని నిలబడి ఉంది. పోయి నా పొట్లం ఇవ్వబోయాను. కమాను వైపు ఒకసారి చూసి చేయి వెనక్కి తీసుకుంది. "వద్దమ్మా. గీళ్ళది నేను తినను. నన్నేం అడగకు, నేను ఈడనే బతకాలె" అంది. పొట్లాన్ని ఒక రంగురాయి మీద వదిలేశాను.

వెనక్కి వచ్చేసరికి మనవరాలు ఫోన్ తీసి అడ్వాన్స్ పంపబోతోంది. ఆ ఫోన్ మీద నా చేయి పెట్టాను. అందరి ముందూ అట్లా చేసినందుకు దానికి కోపం వచ్చింది. "ఎవరో బిర్యానీ తినకపోతే ప్లాట్ కొనొద్దా అమ్మమ్మా?" అంది.

"కొను బిడ్డా. గామె ఎందుకు తింటలేదో అడిగొచ్చి కొను" అన్నాను.

విసుక్కుంటూనే పోయింది. రాళ్ళు దాటి ఆమె పక్కన గడ్డిలో కూర్చుంది. నేను ఇటువైపు నిలబడి చూస్తున్నాను. చాలాసేపటికి వచ్చింది. ఫోన్ సంచిలో వేసుకుని, తన సగం తిన్న పొట్లాన్ని మూసి ఆ టై పిల్లగాడి బల్ల మీద పెట్టింది.

"ఏం చెప్పలేదు అమ్మమ్మా. మీ ఇల్లెక్కడ అని అడిగితే కమాను దిక్కు చూపెట్టి ఏడ్చింది."

వాళ్ళ బస్సు ఎక్కలేదు. రోడ్డు దాకా నడిచి ఎర్ర బస్సు పట్టుకుని ఆకలితోనే సూర్యాపేట చేరాం. దారి పొడుగునా నాకు నీళ్ళ చెంబు పట్టుకుని నాయనమ్మ వెనకాల గట్టు మీద నిలబడినట్టే ఉంది. ఎవరు ఎక్కడ విస్తరి వేసినా, మొదటి ముద్ద ఎత్తే ముందు నా కళ్ళు ఇప్పటికీ గట్టు మీదికే పోతాయి.