పాట అందించిన మా అత్త

‘మన సహోదరి ప్రభువునందు నిద్రించారు’ అని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. జూట్ మిల్లులో ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు దిగి, గేటు బయట నిలబడి, ఒంటికి పట్టిన జనపనార పీచు దులుపుకుంటూ చదివాను. నిద్రించలేదు. మా మేనత్త చచ్చిపోయింది. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడే పోయింది. నిద్రట! ఆవిడ పగటిపూట నడుం వాల్చడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. కొత్తవలస చుట్టుపక్కల పేటల్లో అడిగితే మాత్రం ‘బైబిలమ్మా?’ అంటారు. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే ఆడమనిషికి మా వైపు ఆ పేరు. తెల్ల చీర, చంకన సంచి. సంచిలో బైబిలు, పాటల పుస్తకం, దారిలో దూసుకొచ్చిన చింతచిగురు. చిగురెందుకని ఒకసారి అడిగాను. “వట్టి సేతుల్తో ఎల్తే ఆకలున్నోల్లు ఆమెన్ ఎలాగంటారే?” అంది.

ఆవిడ అసలు పని మాత్రం ఆదివారం గుడిలో ఉండేది. మా గుడిలో చాప మీద కూర్చునే ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అందుకని పాటలో ప్రతి వరుసనూ ముందు ఒకరు గబగబా మాటల్లో చెప్పాలి. దాన్ని పట్టుకుని మిగతావాళ్లు రాగం ఎత్తుకుంటారు. పాట అందించడమంటే ఇదే. జనం ఊపిరి తీసుకునే సందులోనే చెప్పాలి. తొందరపడితే పాత వరుస మీద పడుతుంది, ఆలస్యమైతే పాట తెగిపోతుంది. అత్త ఎప్పుడూ తెగనివ్వలేదు. నేను పదో తరగతితో ఆగిపోయాను. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను చదువుకున్నదే. అంతకంటే ముందు కంఠతా పట్టింది అత్త నోటి పాటలనే.

గొడవ ఎన్నికల ముందు ఆదివారం మొదలైంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఒక అభ్యర్థిని వేదిక ఎక్కించి నెత్తిన చెయ్యి పెట్టి, “ఈ బాబు గెలుపు కోసం అందరూ చేతులు చాపండి” అన్నారు. ఆయన భయం నాకు తెలియంది కాదు. మా గుడికి ప్రహరీ లేదు. మా పేటలో సగం మందికి గుడిలో ఒక పేరు, కులం సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ఎవరో ఒకరి అండ లేకపోతే బతకలేమని ఆయన నమ్మకం. చేతులన్నీ చాచారు. అత్త మాత్రం లేచి నిలబడింది.

“అయ్యగారూ, బాబుకి ఒంట్లో బాగుండాలని ప్రార్థన సెయ్యండి, నానూ సేస్తాను. గెలవాలని మాత్రం సెయ్యకండి. ఈ బాబు ఓడిపోతే దేవుడోడిపోయినట్టా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అభ్యర్థి కూడా నవ్వాడు. అయ్యగారు నవ్వలేదు.

మరుసటి ఆదివారం నుంచి ఆడవాళ్లు లేచి సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పడం ఎత్తేశారు. ఆడది సంఘంలో నోరెత్తడం బైబిలు వాక్యానికి విరుద్ధమని గంటసేపు ప్రసంగం. ఇన్నేళ్లూ ఆ వాక్యం ఏ అటక మీద ఉందో! అత్తను బైబిలమ్మ పని నుంచి తీసేశారు. ఆ అభ్యర్థి గెలిచాడు. గెలిచి గుడికి తెర కొనిచ్చాడు. పాట అక్షరాలు తెర మీద పడతాయి కాబట్టి ఇక అందించే మనిషి అక్కర్లేదట. చదువురాని ఆడవాళ్లకు తెర!

అత్త మైకు వదిలేసి గుమ్మం పక్క చాప చివర కూర్చుంది. అక్కడి నుంచే అందించింది. అయ్యగారు పాట ఆపించారు.

“అమ్మా, ఆడవాళ్లు సంఘాన్ని నడిపించకూడదని చెప్పాను కదా?”

“నడిపించట్లేదు అయ్యగారూ, అందిస్తన్నాను. అన్నం వడ్డించినట్టు. ఇంట్లో ఆ పని ఆడోల్లదే కదేటి?”

ఆయన సౌండు పెంచమని గిటారు కుర్రాళ్లకు సైగ చేశారు. ఇక ప్రతి ఆదివారం సౌండు బాక్సుకీ అత్తకీ పోటీయే. ఆడవాళ్లు చెవులు గుమ్మం వైపు ఒగ్గి పాడేవాళ్లు.

నాకు ఒళ్లు మండి వెళ్లడం మానేశాను. ఆవిడనీ మానేయమన్నాను.

“ఇంకా సిగ్గునేకుండా ఎందుకెల్తావత్తా? వేరే సంగాలు నేవేటి?”

“ఒసే గుంటా, గుడి ఆయనదేటి? పునాదికి మట్టి తొక్కిన కాల్లు నావి. నానెలిపోతే ఈ ముసిలోల్లకి పాటెవులందిస్తారు? నీ గొంతు సూత్తే మిల్లుకే ఇచ్చీసినావు.”

ఆ మాట నిజం. మగ్గాల రొదలో అరిస్తే తప్ప మాట వినపడదు. మిల్లులో మా అందరివీ అరుపు గొంతులే.

ఆవిణ్ణి దేవతను చేయడానికి ఇది రాయడం లేదు. ప్రార్థనలో నా నెత్తి మీది చున్నీ జారితే తొడ మీద గిల్లేది. ఇంటికి మగాడే తల అనేది. మిల్లులో నా పక్కన పనిచేసే పిల్లను మొగుడు కొడుతున్నాడని ఆవిడ దగ్గరికి తీసుకెళ్తే “ఓర్సుకో అమ్మీ” అంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచొచ్చేశాను. మర్నాడు తెలిసింది, వాడి గుమ్మంలో చతికిలబడి పాటల మీద పాటలు పాడిందని, వీధంతా పోగైందని. అడిగితే, “నానేటీ అన్నేదే. పాడినాను. ఆడికే సిగ్గేసినాది” అంది.

భూస్థాపన నాడు అయ్యగారు ఆవిణ్ణి ‘నిశ్శబ్దంగా సేవ చేసిన తల్లి’ అన్నారు. నిశ్శబ్దంగా! పెట్టెను గోతిలోకి దించారు. సమాధుల తోటలో తెర లేదు, సౌండు బాక్సు లేదు. ఆవిడ ఇష్టపడే పాట ఎత్తుకున్నారు. ‘రాళ్ల దారిన రమ్మన్నావు’ అనే మొదటి వరుస అందరికీ వచ్చు. అది అయింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఆగిపోయారు. మర్చిపోయి కాదు. ఇన్నేళ్ల అలవాటు, రెండో వరుస అందుతుందని ఆగారు. పారలు పట్టుకున్నవాళ్లూ ఆగారు. అయ్యగారు ఫోనులో పాట వెతుక్కుంటున్నారు.

‘ముళ్లు ముందే ఏరేశావు.’

అరిచింది నేనే, మిల్లు గొంతుతో. ఆడవాళ్లు ఎత్తుకున్నారు. తర్వాతి వరుస. ఆ తర్వాతిది. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు, వరుసలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. అయ్యగారు తలెత్తి చూశారు. ఫోను జేబులో పెట్టుకున్నారు.

తిరిగొస్తుంటే పక్కింటి ముసలమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఆదివారం వస్తావేటే గుంటా? ఆ తెర మాకు తెల్లగుడ్డే కదే.”

“రాను మామ్మా. ఆయన మొకం నాను సూడనేను.”

“ఆయన మొకం నిన్నెవులు సూడమన్నారు? గుమ్మం కాడ కూకో.”

ఆదివారం వెళ్లాను. గుమ్మం బయట ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని నిలబడ్డాను. తెర వెలిగింది. గిటారు మొదలైంది. చాప చివర అత్త చోట ఎవరూ కూర్చోలేదు, ఒక మనిషి పట్టేంత ఖాళీ. మొదటి వరుస అయిపోయింది. రెండోది తెర మీద తళతళలాడుతోంది. ముసుగులు వేసుకున్న తలలు ఒక్కొక్కటే తెరను వదిలి గుమ్మం వైపు తిరుగుతున్నాయి.